నర్సమ్మగారి ఆదివారాలు

నర్సమ్మగారు పోయారన్న కబురు నాకు మలికిపురం సెంటర్లో తెలిసింది. తెగిన చెప్పు కుట్టించుకుంటున్నాను. మామిడికుదురు వైపు నుంచి వచ్చిన ఆటో అతను నన్ను చూసి బండి ఆపి, "మాస్టారూ, మీ నర్సమ్మగారు పొద్దున్నే పోయేరండి" అన్నాడు.

'మీ' అన్న మాటకి నాకు ముందుగా చిరాకు వేసింది. ఆవిడ నాకు చుట్టం కాదు. మాది ఒక ఊరు కూడా కాదు. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని. ఆవిడ ఊరూరా తిరిగి టీకాలు వేసి, పురుళ్ళు పోసి, రిటైరైన నర్సు. ఆరేళ్ళపాటు నాకు ఒక్క ఆదివారం మిగల్చని మనిషి. ఆఖరికి ఇవాళ మంగళవారం కూడా లాక్కున్నారు కదా అనుకున్నాను. కుట్టడం అయిపోయిందని చెప్పులతను రెండుసార్లు పిలిచాడట. నాకు వినపడలేదు.

ఆవిడ మొదటిసారి మా స్కూలుకి వచ్చినప్పుడు నేను వాలీబాల్ నెట్టు కడుతున్నాను. చేతిలో నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచీ, కాళ్ళకి మగవాళ్ళ రబ్బరు చెప్పులు. పలకరింపు లేదు, పరిచయం లేదు.

"ఆదివారాలు మీ గ్రౌండు ఖాళీయేనా అండీ?"

"దేనికండీ?"

"పరిగెత్తడానికండి."

"ఎవరు?"

"పన్నెండు మంది ఉన్నారండి. పుట్టుకతోనే బుద్ధి కాస్త నిదానంగా ఎదిగినవాళ్ళు. పెద్దవాళ్ళయిపోయేరు, ఇళ్ళల్లో కూచోబెట్టేసేరు. అలాంటివాళ్ళకి అమలాపురంలో ఏటా ఆటల పోటీలు పెడుతున్నారంట. మన వైపు నుంచి ఒక్కళ్ళూ వెళ్ళట్లేదు."

హెడ్మాస్టరుగారి అనుమతి కావాలన్నాను. అంతటితో వదిలిపోతుందనుకున్నాను.

"ఆయన పిల్లలిద్దరికీ టీకాలు నేనే వేసేనండి. అడిగే వచ్చేను."

"అయితే వాడుకోండి. నాదేముంది?"

"ఆయ్. మీరు ఆరింటికల్లా వచ్చేయండి."

"నేనెందుకండీ?"

"నాకు పరుగు రాదు కదండీ" అన్నారావిడ, ఇంత చిన్న విషయం తెలియనందుకు నా మీద జాలిపడుతున్నట్టుగా.

ఆవిడ 'ఆయ్' గురించి చెప్పాలి. మా కోనసీమలో ఆయ్ అంటే సరేనని. ఎదుటివాళ్ళు ఏమన్నా మర్యాదగా ఆయ్ అంటాం. ఆవిడా అనేవారు, అందరికంటే మర్యాదగా. కానీ ఆవిడ ఆయ్ అన్నారంటే ఆ పని జరగదని గుర్తు. "ముసురు పట్టింది, ఈ వారం మానేద్దామండీ" అంటే "ఆయ్" అనేవారు. ఆదివారం ఆరింటికి గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడి నాకు ఫోన్ చేసేవారు. "మా తోడల్లుడి ఇంట్లో పెళ్ళండీ" అంటే "ఆయ్, వెళ్ళిరండి" అనేవారు. ముహూర్తం పదకొండింటికని ఎలా తెలుసుకునేవారో, ఎనిమిదిన్నర దాకా గ్రౌండులో ఉండొచ్చని ఆవిడే లెక్క చెప్పేవారు. గట్టిగా వాదించేవాళ్ళతో అయితే పోట్లాడొచ్చు. ఆయ్ అనే మనిషితో ఎలా పోట్లాడతాం?

ఆ పన్నెండు మందినీ ఆవిడ ఎక్కడా వెతకలేదు. ఏ ఇంట్లో ఏ బిడ్డ ఆలస్యంగా మెడ నిలబెట్టిందో, ఏ బిడ్డకి నాలుగేళ్ళొచ్చినా మాట రాలేదో ఆవిడకి ఊరివారీగా గుర్తే. ఆవిడింట్లోనే అలాంటి బిడ్డ ఉందేమోనని అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను. లేదు. ఒక్కడే కొడుకు, బ్యాంకులో ఉద్యోగం. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, మీకెందుకండీ ఇంత తాపత్రయం అని.

"ఆదివారం టీవీలో ఏమీ రావట్లేదండి" అన్నారు.

నా విజిల్ కూడా లాగేసుకున్నారు. సూరిబాబు అని ఒక ఆటగాడు ఉండేవాడు, పెద్ద శరీరం, పసివాడి నవ్వు. విజిల్ వినపడితే చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయేవాడు. అందుకని ఇక్కడ విజిల్ వద్దన్నారు. ఇరవై ఏళ్ళుగా విజిల్‌తో బతికినవాణ్ణి, జేబురుమాలు ఊపి పరుగు పందెం మొదలెట్టాల్సి వచ్చింది. సగం మంది రుమాలు చూసేవారు కాదు. "వాళ్ళు చూస్తారండి, మీరే తొందరపడుతున్నారు" అనేవారు. ఆట మొదలయ్యే ముందు అందరినీ వరసగా నిలబెట్టి గోళ్ళు, చెవులు చూసేవారు. నర్సు బుద్ధి. వరస చివర్లో నేను నిలబడి ఉంటే నా గోళ్ళు కూడా చూసి, "కత్తిరించుకోవాలండి" అన్నారు, అందరి ముందూ. సూరిబాబు పకపకా నవ్వాడు.

ఇంకో రూలుండేది. గ్రౌండులో ఎవరూ 'పాపం' అనకూడదు. అన్నవాళ్ళు ఒక రౌండు పరిగెత్తాలి. అలవాటుగా నోరు జారి నేనే నాలుగుసార్లు పరిగెత్తాను.

రెండో ఏడు కొబ్బరి వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి, ఫొటోలు తీసే అతన్ని వెంటబెట్టుకుని, కారులో చక్కెరకేళీ గెలలు వేసుకుని వచ్చారు. ఆయన్ని ఒప్పించి తెచ్చింది మా హెడ్మాస్టరుగారు. గ్రౌండు చదును చేయిస్తారని ఆశ. ఆ పెద్దమనిషి సూరిబాబు తల నిమిరి, "పాపం, దేవుడి పిల్లలు" అన్నారు.

నర్సమ్మగారు గొడుగు ముడిచారు.

"పిల్లలెవరండీ? ఇతనికి ముప్పై నాలుగు. మీ తమ్ముడుగారూ ఇతనూ ఒకే వారంలో పుట్టేరు. ఇద్దరికీ బొడ్డు కోసింది నేనేనండి. మీ తమ్ముడి తల కూడా ఎవరైనా ఇలాగే నిమురుతారా?"

ఆయన నవ్వాలో వద్దో తెలియక నవ్వారు.

"ఇక్కడ పాపం అన్నవాళ్ళు ఒక రౌండు కొట్టాలండి. మా మాస్టారు కూడా కొడతారు. చెప్పులు ఇక్కడ విడిచెయ్యండి."

అది హాస్యం కాదని తెలియడానికి ఆయనకి కొంచెం టైము పట్టింది. తెలిశాక కారెక్కేశారు. గెలలు కూడా కారులోనే వెళ్ళిపోయాయి. అవి వెళ్ళిపోవడం చూసి సూరిబాబు ఏడుపు మొదలెట్టాడు. సోమవారం హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచి, "ఆవిణ్ణి కాస్త అదుపులో పెట్టలేరా?" అని కేకలేశారు. మళ్ళీ ఆదివారం మా పెరట్లో గెల కోయించి నేనే మోసుకెళ్ళాను. ఆవిడ ఒక పండు నొక్కి చూసి, "ఇంకో రెండ్రోజులు ఆగాల్సిందండి" అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మంగ సంగతి ఒక ఎత్తు.

మంగకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. మామిడికుదురు అవతల పల్లె. తల్లీ తండ్రీ లేరు. అన్నయ్య కువైట్‌లో డ్రైవరు. వదినతో పాటు ఉండేది. వాకిలి ఊడ్వడం, పశువుల దగ్గర పని అంతా మంగదే. మాట తక్కువ, పదికి మించి లెక్క రాదు. ఒక రోజు నర్సమ్మగారు నాకు మిట్టమధ్యాహ్నం ఫోన్ చేశారు. "మాస్టారూ, తాడు తెంపుకున్న దూడని చేలో గట్ల మీద తరిమి పట్టుకుందండి! దూడనండి!" ఆవిడ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

వదిన పంపనంది. "నలుగుర్లోకి తీసుకెళితే నవ్వుతారండీ. రేపు ఏదైనా అయితే వాళ్ళన్నయ్య నన్నంటారు."

"ఆయ్" అన్నారు నర్సమ్మగారు. అని వాళ్ళ అరుగు మీద కూర్చున్నారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. మజ్జిగ అడిగి తాగేవారు. కూరలో ఉప్పు తగ్గించమనేవారు. పిల్లవాడి దగ్గు విని, ఏ డాక్టరుకి చూపించాలో అరగంట చెప్పేవారు. మంగ మాట మాత్రం ఎత్తేవారు కాదు. నాలుగో రోజు ఆ వదినే చేతులెత్తి దణ్ణం పెట్టింది. "తీసుకెళ్ళండి తల్లీ. పొద్దున్నే మీరు అరుగు మీద కనపడితే నాకు వంట సాగట్లేదు."

ఆవిడ సాధించినవన్నీ అలా ఎదుటివాళ్ళ విసుగు మీద సాధించినవే. నేనూ అందులో ఒకణ్ణి.

మంగ పరుగు నిజంగా బాగుండేది. ఇబ్బందల్లా గీతే. వంద మీటర్ల పందెంలో ఎవరి గీతల మధ్య వాళ్ళు పరిగెత్తాలి. మంగ మాత్రం ఎటు మనసు పోతే అటు వెళ్ళేది. ఏడాదిపాటు సున్నం గీతల మధ్య నడిపించాం. నర్సమ్మగారు మంగ చెయ్యి పట్టుకుని, "ఇది నీది. అది వాళ్ళది" అని వందసార్లు చెప్పి ఉంటారు. వానకి సున్నం కొట్టుకుపోతే నేను మళ్ళీ గీసేవాణ్ణి. ఆవిడ వెనకాల నడుస్తూ వంకర ఎక్కడుందో గొడుగుతో చూపించేవారు.

అమలాపురంలో పోటీల రోజు మంగ అన్నయ్య సెలవు మీద వచ్చి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకుని, ఫోన్ పైకెత్తి వీడియో తీయడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మొదట వచ్చిన ఇద్దరినీ రాష్ట్రం పోటీలకి పంపుతారు. మంగ దూడ వెనకాల పరిగెత్తినట్టే పరిగెత్తింది. ముప్పాతిక దూరం దాకా గీత తప్పలేదు. అక్కడ, అన్నయ్య గొంతు విందేమో, అటు తిరిగి పక్క అమ్మాయికి అడ్డంగా వెళ్ళిపోయింది. కొత్తపేట వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయి బెదిరి ఆగిపోయింది. మంగ అందరికంటే ముందు తాడు తాకింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను గంతు వేశాను. వాళ్ళన్నయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. మంగని బహుమతులిచ్చే చోట మొదటి మెట్టు ఎక్కించారు కూడా. అప్పుడు చూశాను, నర్సమ్మగారు నిర్వాహకుల బల్ల దగ్గర ఉన్నారు.

"మా పిల్ల గీత దాటిందండి" అంటున్నారు.

"పోనిద్దురూ, వీళ్ళకి గీతలేం తెలుస్తాయమ్మా" అన్నాడు బల్ల దగ్గరున్నాయన, మంచి మనసుతోనే. "ఏం మాస్టారూ?" అని నా వైపు చూశాడు. నేను తలూపాను.

"మా పిల్లకి తెలుసండి. ఏడాది నేర్పేం. ఆ పక్క పిల్ల ఆగిపోయింది, చూడలేదా మీరు?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకోసాగాడు. ఆవిడే మెట్టు దగ్గరికి వెళ్ళారు. "మంగా, గీత దాటేవు. దిగు."

మంగ తన పాదాలు చూసుకుంది. ట్రాక్ వైపు చూసింది. దిగింది. ఏడవలేదు. ఏడ్చింది వాళ్ళన్నయ్య. "ఇంతమందిలో మా చెల్లెల్ని దింపేస్తారా? మీరసలు మనిషేనా అండీ?" అని అరిచి, మంగని బండెక్కించుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దారి పొడుగునా నేను ఆవిడ మీద అరిచాను. ఆరేళ్ళలో అంతగా ఎప్పుడూ అరవలేదు. ఒక్క గెలుపు, ఆ ఇంట్లో ఆ అమ్మాయికి జన్మలో మొదటి గెలుపు, మీ చాదస్తానికి బలైపోయిందన్నాను. ఇక ఆ గుమ్మం దాటనివ్వరన్నాను. ఆవిడ గొడుగు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఆయ్ అనలేదు.

"ఆగిపోయిన పిల్లకీ ఇంట్లో వాళ్ళుంటారు కదండీ" అన్నారు చివరికి. కొంచెం దూరం పోయాక, "మంగకి తెలీదని ఆయనంటే మీరు తలూపేరు మాస్టారూ" అన్నారు. ఆ తరవాత నేను అరవలేకపోయాను. ఆవిడ చేసింది ఒప్పేనా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ మెట్టు మీద మంగ మొహం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను అన్నట్టే అయింది. మంగ రావడం మానేసింది. నర్సమ్మగారు వెళితే గేటుకి గొలుసు వేసి ఉంది. రెండు నెలలు ప్రతి వారం వెళ్ళి, గేటు బయట నిలబడి వచ్చారు. ఒక ఆదివారం ఆట అయిపోయాక సంచీ సర్దుకుంటూ, నా వైపు చూడకుండా, "నాకు అన్నం సయించట్లేదండి మాస్టారూ" అన్నారు. ఆవిడ తన గురించి నాతో అన్న మాట అదొక్కటే. వెంటనే మామూలు గొంతుతో, "మీరెళ్ళండి. నా మొహం చూస్తే వాళ్ళకి మంట. మీ మొహం చూస్తే ఎవరికీ ఏమీ అనిపించదు" అన్నారు.

తిట్టుకుంటూ వెళ్ళాను. గేటు తీసే ఉంది. పెరట్లో నూతి దగ్గర్నుంచి పశువుల పాక దాకా తెల్లగా రెండు గీతలు. ముగ్గు పిండితో గీసినవి. ఎక్కడా వంకర లేదు. వాటి మధ్య మంగ పరిగెడుతోంది. పాక దాకా వెళ్ళడం, గోడ ముట్టుకోవడం, మెల్లిగా నడిచి వెనక్కి రావడం, మళ్ళీ పరుగు. నన్ను చూసి ఆగలేదు.

వదిన తల పట్టుకుంది. "రోజూ ఇదే గోలండీ. ఇంట్లో ముగ్గు పిండి నిలవట్లేదు. ఆ గీతల్లోకి కోడి వచ్చినా ఒప్పుకోదు, నేనొచ్చినా ఒప్పుకోదు. నీళ్ళు తోడుకోవడానికి చుట్టూ తిరిగి వెళ్తున్నాను." విసుగంతా ఒకేసారి పొంగి, కువైట్‌కి వీడియో కాల్ చేసి, ఫోన్ పెరటి వైపు తిప్పింది. "చూడండి, మీరే చూడండి మీ చెల్లెలి వేషాలు."

మంగ పాక గోడ ముట్టుకుని మళ్ళీ నూతి దగ్గరికి వచ్చింది. తరవాత, "అక్కడ మాస్టారున్నారా?" అన్న గొంతు వినపడింది.

"ఉన్నానండి."

"అది గీత దాటట్లేదు కదండీ?"

"దాటట్లేదండి."

"తీసుకెళ్ళండి. కానీ మళ్ళీ నలుగుర్లో దింపితే ఊరుకోనని నర్సమ్మగారికి చెప్పండి."

చెప్పాను. "ఆయ్" అన్నారావిడ.

మరుసటి ఏడు మంగ రెండోదిగా వచ్చింది. తల వంచి గీతనే చూస్తూ పరిగెత్తింది, లేకపోతే మొదటిదే. రాష్ట్రం పోటీలకి వెళ్ళి ఆరోదిగా వచ్చింది. స్టేషన్లో దిగగానే నేను దండ వేయబోతే నర్సమ్మగారు అడ్డుపడి, "చేతులు ఊపడం సరిగ్గా లేదండి. ముందు అది చూడండి" అన్నారు. రానూ పోనూ రెండు రాత్రుల రైలు ప్రయాణంలో ఆవిడ కాళ్ళు బాగా వాచిపోయాయి. అప్పుడు మేమెవ్వరం పట్టించుకోలేదు. అది కిడ్నీ జబ్బని తరవాత తెలిసింది. ఆఖరి ఏడాది ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అరిచేవారు. ఆ తరవాత కుర్చీ కూడా లేదు, మంచం మీద నుంచి ఫోన్. ఎవరెవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు, మీరు వెళ్ళి కనుక్కున్నారా. నేను విసుక్కునేవాణ్ణి. పోవడానికి ముందు ఆదివారం కూడా విసుక్కున్నాను.

మంగళవారం సాయంత్రం దహనం అయింది. తరవాతి ఆదివారం ఎవరూ రారనుకున్నాను. వచ్చినవాళ్ళకి చెప్పి పంపేద్దామని గ్రౌండుకి వెళ్ళాను. అందరూ వచ్చారు. వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఎలా చెప్పాలో రాత్రంతా ఆలోచించి కొన్ని మాటలు సిద్ధం చేసుకున్నాను.

"నర్సమ్మగారు... చాలా దూరం వెళ్ళారమ్మా. దేవుడి దగ్గరికి. ఇక నుంచి అక్కడి నుంచే మనల్ని..."

"చచ్చిపోయేరండి" అంది మంగ.

నేను భుజాన తువ్వాలు సర్దుకున్నాను.

"మేమంతా వెళ్ళేం కదండీ. కాళ్ళకి దణ్ణం పెట్టేం. మీరూ అక్కడే ఉన్నారు కదండీ."

సూరిబాబు నా మొహంలోకి వంగి చూశాడు. "మాస్టారికి తెలీదా?" అని మంగని అడిగాడు.

"తెలుసు" అన్నాను.

"మరి దూరం వెళ్ళేరంటారేంటండీ?" అంది మంగ. నిజంగానే కోపం వచ్చింది తనకి.

"చచ్చిపోయారు" అన్నాను. అయిదు రోజుల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. స్కూలు మెట్ల మీద కూలబడి, మొహం తువ్వాల్లో పెట్టుకుని ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు, ఎవరూ ఊరుకోమనలేదు. వరస చెదరలేదు. తల ఎత్తేసరికి మంగ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"అయ్యిందాండీ?"

"ఆఁ."

"అయితే లేవండి. ఎండెక్కుతోంది."